మనింట్లో ఏముందని!

దొంగిలించడానికి నా సర్వర్‌లో ఏముంది? నాన్న పాత ఫోటోలు, ఘంటసాల పాటలు, మొదలుపెట్టి వదిలేసిన ప్రోగ్రాములు. ఆ ధీమాతోనే టీవీ వెనక పెట్టిన రాస్ప్‌బెర్రీ పై అనే ఆ బుల్లి కంప్యూటర్‌కి బయటినుంచి దారి ఇచ్చాను. రౌటర్‌లో 22వ పోర్టు తెరిచాను. యూజర్ పేరు ‘పై’, పాస్‌వర్డ్ ‘రాస్ప్‌బెర్రీ’. రెండూ పుట్టుకతో వచ్చినవే. (నాలాంటి వాళ్లను చూసే కాబోలు, 2022లో ఆ జంటను ఎత్తేశారు.) మార్చాలని తెలియక కాదు. ఆఫీసులో మార్చనివాళ్లమీద కేకలేసేది నేనే.

ఇంత ప్రపంచంలో నన్ను ఎవడు వెతుక్కుంటూ వస్తాడన్నది నా లెక్క. నిజానికి వాడు ఎవరినీ వెతకడు, వరసగా అన్ని తలుపులూ తడతాడు. ఐపీవీ4 చిరునామాలన్నీ కలిపి సుమారు 430 కోట్లే. గిగాబిట్ లైనున్న ఒక్క కంప్యూటర్ ఒక పోర్టు కోసం వాటన్నిటినీ ముప్పావుగంటలో చుట్టి రాగలదని 2013లోనే మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు జీమ్యాప్ అనే స్కానర్‌తో చూపించారు. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ లక్షల కెమెరాలనూ రౌటర్లనూ పట్టుకున్నది ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ల చిన్న జాబితాతోనే. ఇవన్నీ చదివి, పదిమందికీ చెప్పినవాణ్ణే.

ఒకరోజు ఊరికే లాగ్ తెరిచాను. రూట్, అడ్మిన్, టెస్ట్, ఒరాకిల్... అన్నిటి పక్కనా ‘ఫెయిల్డ్’. ‘పై’ పక్కన మాత్రం ‘యాక్సెప్టెడ్’. ఆ వేళకు నేను నిద్రలో ఉన్నాను.

కార్డు తుడిచి, అంతా కొత్తగా ఎక్కించాను. ఈసారి పోర్టు 2222కి మార్చి, లాగ్‌లో గోల తగ్గేసరికి కోట కట్టినంత సంబరపడ్డాను. గోల తగ్గింది, అంతే. పాస్‌వర్డ్‌లే వద్దు, కీ ఉన్నవాడే రావాలన్న బుద్ధి ఊరెళ్లాక పుట్టింది. లాప్‌టాప్ నుంచే సెట్టింగ్ మార్చి, సర్వీసు రీస్టార్ట్ చేసి, కిటికీ మూసేశాను. నా కీ ఇంకా సర్వర్‌కి ఎక్కించనేలేదు.

మూసుకున్నది బయటి దారే. కీబోర్డు తగిలిస్తే టీవీ మీదనుంచి లోపలికి వెళ్లొచ్చు. ఆ పని మా ఆవిడ చెయ్యాలి. సీరియల్ ఆపించి, ఫోన్ పట్టుకుని, విజయవాడ బస్టాండులో నిలబడ్డాను.

“పాస్‌వర్డ్ అడుగుతోందండీ.”

అదైతే గట్టిదే పెట్టాను, ఇరవై అక్షరాల పైనే. బస్సుల ప్రకటనల హోరులో ఆమెకి వినపడటంలేదు.

“క్యాపిటల్ క్యూ! డాలరు! సున్నా... ఓ కాదు, సున్నా!”

పక్క బెంచీ మీది కుర్రాడు ఫోన్‌లోంచి తలెత్తి, “చివర్లో ఏడా, ఒకటా అన్నా?” అన్నాడు.