థర్మాకోల్ బెత్లెహేము

డిసెంబరు సగం కాకముందే మన నాయకులకు యేసుప్రభువు గుర్తొస్తాడు. పండగేమో 25న. అంతదాకా ఆగే ఓపిక ఎవరికుంది? అందుకే సెమీ క్రిస్మస్. పూడూరు, పరిగి, వికారాబాద్, తాండూరు... ఏ ఫంక్షన్ హాలు చూసినా అదే తంతు. వేదిక మీద థర్మాకోల్‌తో చేసిన బెత్లెహేము. నాలుగు గడ్డిపోచలు, రెండు దూది గొర్రెలు, పైన సీరియల్ లైట్ల నక్షత్రం. వెనకాల నిలువెత్తు ఫ్లెక్సీ. అందులో సారు, మాజీ సారు, కాబోయే సారు, ఆయన బామ్మర్ది. పుట్టినరోజు ఎవరిదో ఆయన బొమ్మ మాత్రం ఏ మూలనో ఉంటుంది. వెతుక్కోవాలి.

సారు రెండు గంటలు లేటు. వచ్చాక శాలువా. శాలువా మీద శాలువా. కేకు. ప్లాస్టిక్ కత్తి. సారు చేతి ముక్క పాస్టరు అయ్యగారి నోట్లోకి, అయ్యగారి చేతి ముక్క సారు నోట్లోకి. ఫొటోగ్రాఫర్ చాలనేదాకా ఇద్దరి నోళ్లూ తెరిచే ఉంటాయి. ఆపై ప్రసంగం. యేసు శాంతిదూత అట. లోకానికి శాంతి కావాలట. చప్పట్లు. అయ్యగారు కళ్లు మూసుకుని సారుకు ఆయురారోగ్యాలు, మంత్రి పదవి, ఈసారి ఇంకా పెద్ద మెజారిటీ అడుగుతారు. చివర్లో, బిర్యానీ గిన్నెల మూతలు లేస్తున్న చప్పుడులో, యెరూషలేముకు కూడా శాంతినిమ్మని ఒకే ఒక్క మాట. ఆమెన్. అందరూ ప్లేట్ల వైపు.

అయ్యగారూ, శాంతి కావాలని దేవుణ్ని అడిగారు. బాగుంది. పక్క కుర్చీలో కూర్చున్న సారును ఎందుకు అడగలేదు? శ్మశానానికి ప్రహరీగోడ కావాలని అడగడం తెలుసు. కార్పొరేషన్ చైర్మన్ పోస్టు అడగడం తెలుసు. శాంతి దగ్గరికొచ్చేసరికి మాత్రం నేరుగా పరలోకానికే దరఖాస్తా?

ఇంతకీ అసలు బెత్లెహేములో 2023 క్రిస్మస్ ఎలా జరిగిందో తెలుసా? జరగలేదు. గాజా మీద బాంబులు పడుతుంటే మాకు వేడుకలెందుకని ఊరు ఊరంతా పండగ మానుకుంది. చెట్టు లేదు. దీపాల తోరణం లేదు. అక్కడి లూథరన్ చర్చిలో పాస్టరు మున్థర్ ఐజాక్ పశువుల పాక కట్టలేదు. పగిలిన కాంక్రీటు పెళ్లలు కుప్పపోసి, వాటి మధ్య బాలయేసును పాలస్తీనా గళ్ల కండువాలో చుట్టి పడుకోబెట్టారు. మీ మౌనానికి అర్థమేమిటని పాశ్చాత్య సంఘాలను ప్రసంగ పీఠం మీద నుంచే నిలదీశారు. ఆ బొమ్మ ప్రపంచమంతా తిరిగింది. మన సంఘాల వాట్సాప్ గ్రూపుల్లోకి ఎందుకు రాలేదో? యొర్దాను నది నీళ్ల సీసాల ఆఫర్ మాత్రం ఠంచనుగా వస్తుంది!

చిన్న భూగోళ పాఠం చెప్పుకుందాం. బెత్లెహేము ఇజ్రాయెల్‌లో లేదు. పాలస్తీనాలో, వెస్ట్ బ్యాంక్‌లో ఉంది. పరిశుద్ధ దేశ యాత్రకు పోయిన మన బస్సు ఎక్కేది ఇజ్రాయెల్‌లో, మొక్కేది పాలస్తీనాలో. మధ్యలో చెక్‌పోస్టు. ఊరిని ఆనుకుని ఎనిమిది మీటర్ల ఎత్తు కాంక్రీటు గోడ. 2002లో కట్టడం మొదలుపెట్టారు. గోడకు ఆవల ఒలీవ చెక్కతో సిలువలు చెక్కి మనకు అమ్మేవాళ్లలో ఎక్కువమంది క్రైస్తవులే. వాళ్లు ఈస్టరుకు యెరూషలేము పోవాలంటే ఇజ్రాయెల్ సైన్యం ఇచ్చే పర్మిట్ కావాలి. దూరం పది కిలోమీటర్లు. వికారాబాద్ నుంచి విమానమెక్కిపోయిన మనకు తెరుచుకున్న తలుపు, పక్కూరివాడికి మూసుకుంటుంది. మనవాళ్లు సిలువ కొంటారు, సెల్ఫీ దిగుతారు, బస్సెక్కుతారు. చెక్కినవాడి సంగతి అడిగినవారెవరు?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో ఈ యాత్ర సాయం పెంచింది. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి 40 వేల నుంచి 60 వేలు, అంతకు మించినవారికి 20 వేల నుంచి 30 వేలు. పోయిరావడానికి పద్దు పెట్టారు. పోయినచోట బతుకుతున్న మనుషుల గురించి అదే నాయకుల నోట ఒక్క ముక్క విన్నారా? రాళ్లకు మొక్కమంటే డబ్బిస్తారు. మనుషుల గురించి అడిగితే మాత్రం అది విదేశాంగ విధానం!

గాజాలో యుద్ధానికి ముందు క్రైస్తవులు సుమారు వెయ్యి మంది ఉండేవాళ్లు. 2023 అక్టోబరు 19 రాత్రి సెయింట్ పోర్ఫిరియస్ చర్చి ఆవరణ మీద బాంబు పడింది. గుళ్లో దాక్కుంటే బతుకుతామనుకున్న కుటుంబాలు శిథిలాల కింద మిగిలాయి. 2025 జులై 17న హోలీ ఫ్యామిలీ చర్చి వంతు. ముగ్గురు పోయారు, ఫాదర్‌కు గాయాలయ్యాయి. పోప్ ఫ్రాన్సిస్ యుద్ధకాలంలో దాదాపు ప్రతి సాయంత్రం ఈ చర్చికే ఫోన్ చేసి తిన్నారా, ఎలా ఉన్నారని అడిగేవాడు. 2025 ఏప్రిల్‌లో కన్నుమూసేదాకా అడిగాడు. మన బిషప్పులు, మెగా చర్చిల అయ్యగార్లు ఒక్కసారి? పోనీ, ఒక మిస్డ్ కాల్?

హమాస్ 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్‌లో దాదాపు 1,200 మందిని చంపింది, 251 మందిని ఎత్తుకుపోయింది. అది ఘోరం. అది ఘోరమని చెప్పడానికి నోరు రానివాడికి శాంతి గురించి మాట్లాడే హక్కు లేదు. గాజాలో చనిపోయినవారు 2025 అక్టోబరు నాటికి 67 వేలు దాటారని అక్కడి ఆరోగ్యశాఖ లెక్క. ఆ లెక్క చూసి నోరు మూసుకునేవాడికీ లేదు. శాంతి అంటే రెండు వైపుల తల్లులకూ రాత్రిపూట నిద్ర పట్టడం. ఇందులో అర్థం కానిదేముంది?

ఇక మన ఇలాకాకు వద్దాం. నవంబరులో ధారూరు వాగు ఒడ్డున మెథడిస్టు క్రైస్తవ జాతర జరుగుతుంది. వందేళ్ల జాతర. తెలంగాణ నుంచే కాదు, కర్ణాటక, మహారాష్ట్రల నుంచీ జనం వస్తారు. గుడారాలేసుకుని రోజుల తరబడి ఉంటారు. మొక్కులు, పాటలు, వాక్యం. ఈ ప్రాంతానికి మెథడిస్టు సంఘాన్ని తెచ్చింది అమెరికా మిషనరీలే. మరి ఆ అమెరికాలోని యునైటెడ్ మెథడిస్టులు ఏం చేశారో చూడండి. 2016లో వాళ్ల పింఛను బోర్డు ఐదు ఇజ్రాయెలీ బ్యాంకుల్లో పెట్టుబడి పెట్టేది లేదని తేల్చింది. 2024లో వాళ్ల మహాసభ ఇంకో అడుగు వేసింది. పరాయి నేలను ఏళ్ల తరబడి ఆక్రమించుకుని కూర్చున్న ప్రభుత్వాల బాండ్లు కొనవద్దంది. ఇజ్రాయెల్‌తో పాటు టర్కీ, మొరాకో పేర్లూ చెప్పింది. ఇంకొందరు 1984 నుంచి వాషింగ్టన్‌లో 'చర్చెస్ ఫర్ మిడిల్ ఈస్ట్ పీస్' అని సంస్థ పెట్టి కూర్చున్నారు. అధ్యక్షుడు ఏ పార్టీవాడైనా సరే, ఇజ్రాయెల్-పాలస్తీనా శాంతిని ముందు పెట్టుకో అని లేఖలు, సంతకాలు, అమెరికా కాంగ్రెస్ సభ్యుల ఆఫీసుల చుట్టూ ప్రదక్షిణలు. గెలిచారా? పెద్దగా లేదు. అడిగారా? అడిగారు. అక్కడి మెథడిస్టు తన పింఛను డబ్బు లెక్క చూసుకున్నాడు. ఇక్కడి జాతర వేదికెక్కిన నాయకుడిని ఒక్క ప్రశ్న అడిగిన మెథడిస్టు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి.

'గాజా ఎక్కడ, పూడూరు ఎక్కడ? మనకెందుకు సారూ గీ పంచాయితీ?' అంటారా? అయితే జర వినుండ్రి. హైదరాబాద్‌లో ఇజ్రాయెల్ కంపెనీ ఎల్బిట్‌తో కలిసి అదానీ సంస్థ డ్రోన్ల కార్ఖానా నడుపుతోంది. అక్కడ తయారైన 20 హెర్మిస్-900 డ్రోన్లు ఇజ్రాయెల్‌కు వెళ్లాయని 2024 ఫిబ్రవరిలో పత్రికలు రాశాయి. అదే హైదరాబాద్‌లో ఇజ్రాయెల్ రఫేల్‌తో కలిసి కల్యాణి సంస్థ క్షిపణుల పని చేస్తోంది. 2024 మేలో అక్కడే ఇజ్రాయెల్ నిర్మాణ పనులకు నియామక శిబిరం పెట్టారు. సెంట్రింగ్, ప్లాస్టరింగ్, టైల్స్, ఇనుప కడ్డీలు వంచే పని. నెలకు లక్షా 37 వేలన్నారు. 900 మందికి పైగా ఎంపికయ్యారు. పర్మిట్లు రద్దయి ఇంట్లో కూర్చున్న పాలస్తీనా కూలీల ఖాళీలవి. బతకడానికి పోయినవాణ్ని తప్పు పట్టను. యుద్ధభూమికి సాగనంపిన సర్కారు ఇక్కడ పని ఎందుకు చూపించలేదని అడుగుతాను.

ఇక పూడూరు. దామగుండం అడవి. నౌకాదళం రేడియో కేంద్రానికి అక్షరాలా 2,900 ఎకరాలు ఇచ్చారు. సముద్రం లేని జిల్లాలో జలాంతర్గాములతో మాట్లాడే కేంద్రం. 2024 అక్టోబరు 15న రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు, రేవంత్‌రెడ్డి పక్కనే ఉన్నారు. ఢిల్లీలో కొట్టుకునే పార్టీలు పూడూరులో ఒక్కటయ్యాయి. అడవి పోతుందని ఊళ్లవాళ్లు మొత్తుకున్నారు. అనుమతి మీరిచ్చారంటే మీరిచ్చారని కాంగ్రెస్, బీఆర్‌ఎస్ వాదులాడుకున్నాయి. దేశ రక్షణ అవసరమే, కాదనను. కానీ లెక్క చూడండి. యుద్ధ సన్నాహానికి అడవి దొరుకుతుంది, వేల కోట్లు దొరుకుతాయి, ఇద్దరు బద్ధశత్రువులు ఒకే వేదిక మీద దొరుకుతారు. శాంతికి మాత్రం ప్లాస్టిక్ కత్తి. గాజా మా పరిధిలోకి రాదనే నాయకుడా, మా పూడూరు అడవి అణు జలాంతర్గాముల పరిధిలోకి ఎట్లొచ్చింది?

ఢిల్లీ విన్యాసాలు మరీ ముచ్చటైనవి. 1988లో పాలస్తీనాను దేశంగా గుర్తించిన మనం, 2023 అక్టోబరు 27న కాల్పులు ఆపండన్న ఐరాస తీర్మానానికి ఓటెయ్యలేదు. తటస్థం. డిసెంబరు 12న ఓటేశాం. 2025 జూన్ 12న 149 దేశాలు కాల్పుల విరమణ కోరితే మళ్లీ తటస్థం. సెప్టెంబరు 12న రెండు దేశాల పరిష్కారానికి సై. సరిగ్గా నాలుగు రోజుల ముందే ఇజ్రాయెల్‌తో పెట్టుబడుల ఒప్పందం మీద సంతకం. దీన్ని విధానం అనాలా, వాతావరణ నివేదిక అనాలా? ఈ ఓట్లలో ఒక్కదాని గురించైనా మన ఎంపీలను నిలదీసిన సంఘం తెలుగు నేల మీద ఎక్కడుంది?

అడగకపోవడానికి మనవాళ్ల దగ్గర వేదాంతం కూడా ఉంది. యూట్యూబ్ తెరవండి. గోగు, మాగోగు, యుగాంతం, బాణం గుర్తుల చార్టు. గాజాలో బిడ్డ చస్తే ఇక్కడ ప్రవచనం నెరవేరిందని వ్యూస్! అమెరికాలో టెక్సస్ పాస్టరు జాన్ హేగీ 2006లో 'క్రిస్టియన్స్ యునైటెడ్ ఫర్ ఇజ్రాయెల్' పెట్టాడు. అదే ఏడాది ఆగస్టులో యెరూషలేములోని కాథలిక్, సిరియన్ ఆర్థడాక్స్, ఆంగ్లికన్, లూథరన్ సంఘాధిపతులు ఇజ్రాయెల్‌ను సమర్థించడమే వాక్యమనే ఈ బోధను తోసిపుచ్చుతూ ప్రకటన చేశారు. యెరూషలేము సంఘం చెప్పింది వినరు. టెక్సస్ అయ్యగారు చెప్పింది వింటారు. పైగా యెరూషలేము మీద ప్రేమట!

'మేం మైనారిటీలం. ఇప్పటికే దెబ్బలు తింటున్నాం. ఇవి మాట్లాడితే ఇంకా పడతాయి' అనే మాట ఉంది. ఆ భయం నిజం. ఊళ్లో చిన్న ప్రార్థన మందిరం నడుపుకునే పాస్టరును నేను వేలెత్తి చూపను. కానీ ముఖ్యమంత్రి పక్కన కుర్చీ ఉన్నవాడికి, ఫోన్ చేస్తే మంత్రి ఎత్తేవాడికి, లక్షమందితో మహాసభ పెట్టేవాడికి ఏం భయం? ఇజ్రాయెల్ జెండా పట్టుకుని ఊరేగేటప్పుడు రాని రాజకీయం, చంపడం ఆపండని అడిగేటప్పుడే ఎందుకొస్తుంది?

2025 అక్టోబరు 10న కాల్పుల విరమణ వచ్చింది కదా, ఇక చాలు అనుకోకండి. ఆ తర్వాతా చావులు ఆగలేదు. గోడ అక్కడే ఉంది. పర్మిట్లూ అక్కడే ఉన్నాయి.

చేయాల్సింది చిన్న పని. ఈసారి నాయకుడు మీ వేదిక ఎక్కినప్పుడు చేతికి ఒక కాగితం ఇవ్వండి. హైదరాబాద్ డ్రోన్లు ఎవరి మీదికి పోతున్నాయో పార్లమెంటులో చెప్పమనండి. ఐరాసలో కాల్పుల విరమణ ఓటు నుంచి ఎందుకు తప్పుకున్నామో చెప్పమనండి. రెండు దేశాల మాటను ఓటుతోనే సరిపెట్టకుండా ఏం చేస్తారో చెప్పమనండి. రాతపూర్వకంగా జవాబు అడగండి. రాకపోతే ఎన్నికలప్పుడు మళ్లీ అడగండి. దేవుడికి చేసిన ప్రార్థన దేవుడు వింటాడేమో. చేవెళ్ల ఎంపీకి మాత్రం వినపడదు. ఆయనకు సంతకాలు కావాలి. పెట్టండి.