రీడింగ్ రూము బల్ల

నేను బల్లను. అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో, పేపర్లు చదివే గదిలో ఉంటాను. పాతవాళ్ల నోట ఇది ఇప్పటికీ ఆసఫియా లైబ్రరీయే. మూసీ ఒడ్డునున్న ఈ భవనంలోకి 1936లో వచ్చింది. మోచేతులు ఆనీ ఆనీ నా అంచులు నున్నబడ్డాయి. ఒక కాలు పొట్టిదైతే కింద అట్టముక్క మడిచి పెట్టారు.

పొద్దున్నే అటెండరు పేపర్లు పరుస్తాడు. పోటీ పరీక్షల పిల్లలకు సంపాదకీయం పేజీ చాలు. పక్కనున్న ఉస్మానియా ఆస్పత్రి నుంచి రోగుల తాలూకు మనుషులు వస్తారు. చదివినా చదవకపోయినా ఫ్యాను కింద కాసేపు కూర్చుంటారు. పదకొండింటికి పెద్దసారు వస్తారు. ఆయన ఎప్పుడూ రెండు పేపర్లు పక్కపక్కన పెట్టుకునే చదువుతారు. ఒకదాంట్లో ముఖ్యమంత్రి నాలుగు కాలమ్‌ల మేర నవ్వుతుంటాడు. రెండోదాంట్లో అదే సభ, అదే మనిషి. రెప్ప వాలిన క్షణం చూసి తీసిన ఫొటో.

ఆ ఆస్పత్రి సంగతే చూడండి. 2015లో పాత భవనం కూల్చి టవర్లు కడతామన్నారు. కట్టలేదు. 2020 జులైలో వాన నీళ్లు వార్డుల్లో మంచాల కిందికి చేరాయి, ఆ నెలలోనే పాత భవనానికి తాళం పడింది. ఒక పేపరు మొదటి పేజీ నిండా వేసింది, ఇంకోటి లోపలెక్కడో సింగిల్ కాలమ్‌లో సర్దేసింది. 2023 చివర్లో సర్కారు మారింది. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆస్పత్రికి శంకుస్థాపన చేస్తే, ఆ రెండు పేపర్లూ పేజీలు మార్చుకున్నాయి. పెద్దసారు నవ్వి కళ్లద్దాలు తుడుచుకున్నారు.

పేపరుకు పక్షం ఉండటమే తప్పని నేననను. 1948 ఆగస్టులో, ఇక్కడికి దగ్గర్లోనే కాచిగూడ వైపు, ‘ఇమ్రోజ్’ పత్రిక ఎడిటర్ షోయబుల్లా ఖాన్‌ను రజాకార్లు చంపారు. రాసే చెయ్యి నరికారు. ఆయనకు ముప్పై ఏళ్లయినా నిండలేదు. హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలవాలన్నది ఆయన పక్షం. దాన్ని సంపాదకీయంలో పైకే రాశాడు, అదీ గద్దె మీద ఉన్నవాళ్లకు ఎదురుగా. ఇప్పటివాళ్లు తమ పక్షాన్ని ఫొటోలో, హెడ్డింగులో, వేయకుండా వదిలేసిన వార్తలో దాచిపెడతారు. మొదటి పేజీ మొత్తం సర్కారు ప్రకటన వచ్చిన రోజున పెద్దసారు లోపలి పేజీలు మరీ నెమ్మదిగా తిప్పుతారు.

మొన్న ఆస్పత్రి నుంచి ఒక అవ్వ వచ్చింది, చేతిలో టిఫిన్ క్యారియర్.

“సారూ, మా ఊర్ల పింఛన్లు పడక మూడు నెలలాయె. దాని ముచ్చటేమన్న వచ్చిందా?”

పెద్దసారు రెండు పేపర్లూ మొదలు నుంచి చివరిదాకా తిప్పారు. “రెండిట్ల లేదవ్వా.”

“మరిన్ని పేజీల ఏం రాస్తరు సారూ?”

ఆయన జవాబివ్వలేదు. జేబులోంచి తెల్లకాగితం తీసి, రెండు పేపర్లనూ పక్కకు జరిపి, “ఊరి పేరు చెప్పు” అన్నారు. బాల్‌పెన్ను గట్టిగా నొక్కి రాసే అలవాటు ఆయనది. కాగితం అవ్వ కొంగుముడిలో పోయింది. దాని అచ్చు నా మీద ఉండిపోయింది: “మూడు నెలలుగా…”