ఇరవై నాలుగ్గంటల చుట్టాన్ని

నన్ను హోల్టర్ మానిటర్ అంటారు. గుంటూరు కొత్తపేటలో ఒక డయాగ్నొస్టిక్ సెంటరు, అందులో ఈసీజీ గది, ఆ గది అల్మారాలో రెండో అర నా చిరునామా. అరచేతిలో ఇమిడిపోతాను. ఒంట్లోంచి ఏడు తీగలు వేలాడుతుంటాయి. ఆ తీగల్ని ఎవరో ఒకరి ఛాతీకి అంటించి, నన్ను ఓ గుడ్డసంచిలో పెట్టి వాళ్ల మెడలో వేసి ఇంటికి పంపిస్తారు. మర్నాడు అదే వేళకి వెనక్కి తెచ్చుకుంటారు. కొత్త అల్లుడికైనా అత్తారింట్లో మూడు నిద్రలు ఉంటాయి. నాకు ఒక్కటే.

మా వంశకర్త నార్మన్ జెఫ్రీస్ హోల్టర్. అమెరికాలో మోంటానా రాష్ట్రం, హెలెనా ఊరివాడు. 1946లో బికినీ దీవుల దగ్గర అణుబాంబు పరీక్షలు జరిగినప్పుడు సముద్రపు అలల్ని కొలిచే బృందంలో పనిచేసి, తర్వాత గుండెలో పుట్టే అలల మీద పడ్డాడు. ఆయన చేసిన మొదటి యంత్రం బరువు 38 కిలోలు. దాన్ని వీపున కట్టుకుని సైకిలు తొక్కుతూ, గుండె విద్యుత్ సంకేతాల్ని రేడియోలో ఎలా పంపొచ్చో చూపించాడు. 1961లో 'సైన్స్' పత్రికలో దాని గురించి రాశాడు. ఆయన గొడవల్లా ఒక్కటే. మంచం మీద కదలకుండా పడుకోబెట్టి తీసే ఈసీజీలో పది సెకన్లకి ఓ పన్నెండు దెబ్బలు పడతాయి. గుండె రోజుకి లక్షసార్లు కొట్టుకుంటుంది. మరి మిగతావాటి సంగతేంటి?

ఆ మిగతావాటి కోసమే నేను పుట్టాను. వంశ చరిత్ర ఇంతటితో చాలు.

నేను చెప్పాలనుకున్నది ఓ టైలరమ్మ కథ. తెనాలి పక్క పల్లె. ఇంటి వసారాలోనే కుట్టుమిషను వేసుకుని జాకెట్లు, ఫాల్సు కుడుతుంది. ముక్కు మీదుగా రెండు బుగ్గలకీ పాకిన ఎర్రటి మచ్చ, ఎండలోంచి వచ్చిందేమో ఇంకా ఎర్రగా ఉంది. ఆమెకి ల్యూపస్. ఒంటిని కాయాల్సిన రక్షణ వ్యవస్థే కంచే చేను మేసినట్టు సొంత కీళ్ల మీద, చర్మం మీద, ఒక్కోసారి కిడ్నీల మీద, గుండె చుట్టూ ఉండే పొర మీద పడే జబ్బు. మగవాళ్లకి వచ్చినా ఎక్కువగా పట్టేది పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లని. కీళ్ల డాక్టరు రాసిన బిళ్లలు వాడుతోంది. నొప్పులు తగ్గాయి. కానీ కొన్నాళ్లుగా గుండెదడ.

టెక్నీషియను కుర్రాడు స్పిరిటు దూదితో తుడుస్తుంటే ఆమె మెడ పక్కకి తిప్పుకుంది. "మెల్లగా తమ్ముడూ, అక్కడ చర్మం మండుద్ది" అంది. స్టిక్కర్లు మచ్చలు లేని చోటు చూసి అంటించాడు. పుస్తెలతాడుకీ నా తీగలకీ ముడి పడితే ఆమే ఓపిగ్గా విడదీసి, తాడుని వెనక్కి వేసుకుంది. కుర్రాడు ఎప్పటి పాఠమే అప్పజెప్పాడు: "అక్కా, రేపు తీసేదాకా స్నానం చేయొద్దు. చెమట పడితే స్టిక్కరు ఊడుద్ది, కాస్త ఫ్యాను కింద ఉండండి. రోజూ చేసే పనులు మానొద్దు. దడ వచ్చినప్పుడల్లా ఈ బటన్ నొక్కి, ఈ చీటీలో టైము, అప్పుడేం చేస్తున్నారో రాయండి."

చీటీ అందరికీ ఇస్తారు. రాసేవాళ్లు తక్కువ. చాలామంది మర్నాడు ఇక్కడికొచ్చి, బయట బెంచీ మీద కూచుని, అడిగి తీసుకున్న పెన్నుతో నాలుగు ముక్కలు గీకి ఇస్తారు. నేను గుండె ఎప్పుడు ఎంత వేగంగా కొట్టుకుందో సెకన్లతో సహా చెప్పగలను. ఎందుకో చెప్పలేను. మెట్లెక్కారా, పోట్లాడారా, చీకట్లో పీడకల వచ్చి లేచారా, నాకేం తెలుసు? నా గీతలకి చీటీ జత లేకపోతే డాక్టరు చేతికి సగం లెక్కే వెళ్తుంది.

ఆ సాయంత్రం ఆ ఇంట్లో నాకు వినపడని వైద్యం లేదు. అత్తగారు "గ్యాస్ అయ్యుంటుంది అమ్మాయ్, కాస్త వాము నవులు" అంది. పక్కింటావిడ దిష్టి తీయమంది. ఇంటాయన ఫోన్లోంచి తల ఎత్తకుండానే "టెన్షన్ పెట్టుకోకు, అదే పోద్ది" అన్నాడు. ఆ మాట అంతకుముందు ఒక ఆసుపత్రిలోనూ అన్నారట. టెన్షన్ అనే రోగ నిర్ధారణంత తేలికైంది లేదు. దానికి రక్త పరీక్ష అక్కర్లేదు, చెయ్యి పట్టి చూడక్కర్లేదు. పూర్తిగా అబద్ధమూ కాదనుకోండి. దడ మొదలైతే భయం, భయానికి ఇంకాస్త దడ. కానీ మొదటి దడ ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ మాట చెప్పదు.

ఆమె మాత్రం ఎవరికీ బదులివ్వకుండా మిషను ముందు కూచుంది. తొక్కుడు మిషను. ఆమె పాదం ఆడినంతసేపూ ఛాతీ కండరాలు కదిలి నా గీత రంపపు పళ్లలా తయారైంది. తెలియనివాళ్లు చూస్తే ప్రాణం మీదికొచ్చిందనుకుంటారు. తెలిసినవాళ్లు కదలిక వల్ల వచ్చిన చెత్త అని పక్కన పెడతారు. అంతలో అల్మారాలోంచి లైనింగు గుడ్డ తీయడానికి ఆమె చటుక్కున లేచింది. 82 మీద నడుస్తున్న గుండె నిమిషం తిరక్కుండా 124కి ఎక్కింది. అల్మారా తలుపు పట్టుకుని నిలబడిపోయింది. బటన్ నొక్కింది. చీటీ ఎక్కడో పెట్టి మరిచిందేమో, చేతికందిన కొలతల పుస్తకం తెరిచి, ఎవరిదో చేతి పొడవు, భుజం, ముందు మెడ లోతు రాసి ఉన్న పేజీలోనే కింద రాసుకుంది: '6-20, కుర్చీలోంచి లేచా, దడ, కళ్లు తిరిగినై.'

తర్వాత పొయ్యి దగ్గర నిలబడి దోసెలు పోస్తున్నప్పుడు ఒకటి. ఇస్త్రీ చేస్తున్నప్పుడు ఇంకొకటి. పడుకున్నాక 68కి దిగింది. నడిరాత్రి ఎడమవైపు ఒత్తిగిలి దిండు మీద చెవి ఆన్చగానే మేలుకుంది. 'ఒక దెబ్బ ఆగి, గొంతులోకి ఎగిరినట్టు' అని రాసింది. నా గీతలో అది స్పష్టంగా ఉంది. వేళకంటే ముందే ఒక దెబ్బ పడుతుంది. దాని తర్వాత చిన్న విరామం. ఆ విరామంలో గుండె నిండా రక్తం నిండి, తర్వాతి దెబ్బ గట్టిగా పడుతుంది. మనిషికి తెలిసేది ఆ గట్టి దెబ్బే. డాక్టర్లు ఎక్టోపిక్ అంటారు. ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా అప్పుడప్పుడూ ఇవి పడుతూనే ఉంటాయి. కాకపోతే జబ్బున్న మనిషికి ఒంట్లో ప్రతి చప్పుడూ గట్టిగా వినిపిస్తుంది.

మర్నాడు రిపోర్టు వచ్చింది. సైనస్ టాకికార్డియా, అక్కడక్కడా ఎక్టోపిక్స్, ప్రమాదకరమైన లయ ఏదీ లేదు. "ఏమీ లేదంటగా" అన్నాడు ఇంటాయన. ఆమె సర్రున లేచింది: "ఏమీ లేకపోతే ఇన్నిసార్లు టైము ఎందుకు రాశా?" కుర్రాడు నా బ్యాటరీలు తీస్తూ నవ్వాపుకున్నాడు. నాకు నోరుంటే ఆమె పక్షానే మాట్లాడేదాన్ని. సైనస్ టాకికార్డియా అంటే లయ సరిగ్గానే ఉంది, వేగం ఎక్కువైంది అని. గుండె ఊరికే పరుగెత్తదు, వెనక ఏదో తరుముతుంటుంది.

ఆ తరిమేదేమిటో నాకు తెలిసింది కొన్ని నెలల తర్వాత, మళ్లీ నన్నే ఆమె మెడలో వేసినప్పుడు. స్టిక్కర్లు అంటించేలోగా కుర్రాడికి ఆమె చెప్పిందంతా విన్నాను.

కీళ్ల డాక్టరు నా రిపోర్టు పక్కన పెట్టి ముందు ఆ కొలతల పుస్తకం తీసుకుందట. జాకెట్ల లెక్కల మధ్యలోంచి టైములన్నీ ఏరి చూసింది. పగటి దడలన్నీ లేచినప్పుడో నిలబడ్డప్పుడో వచ్చినవే. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి పది నిమిషాలపాటు మళ్లీ మళ్లీ బీపీ, నాడి చూసింది. నిలబడగానే బీపీ పడకుండా నాడి నిమిషానికి 30 దెబ్బలో అంతకు మించో పెరిగి అలాగే నెలల తరబడి సాగితే పాట్స్ అనే ఇబ్బందిని అనుమానిస్తారు. ఇలాంటి రోగనిరోధక జబ్బులున్నవాళ్లలో అది కనపడుతుంటుంది. కానీ ఆ పేరు పెట్టేముందు మిగతావి తేల్చాలి. థైరాయిడ్ చూశారు, ల్యూపస్ ఉన్న ఇంట్లోకి అదీ తరచూ తోడు వస్తుంది. గుండె పొరలో నీరు చేరిందేమోనని ఎకో తీశారు. రెండూ బాగానే ఉన్నాయి. హిమోగ్లోబిన్ మాత్రం 8.6. నెలసరి ఎక్కువై ఐరను తగ్గిపోయింది. రక్తం పల్చబడితే ఉన్న కాస్త రక్తాన్నే గుండె ఎక్కువసార్లు తిప్పాల్సి వస్తుంది. ల్యూపస్‌లో రక్తహీనత అన్నిసార్లూ ఐరనుతో తీరేది కాదు. ఎర్రకణాల్ని రక్షణ వ్యవస్థే విరగ్గొట్టే రకం ఒకటుంది, అందుకే కారణం తేల్చాకే మందు రాశారు. అప్పటిదాకా ఆమె తాగింది పక్కింటావిడ చెప్పిన టానిక్కు.

ఉప్పు వేసిన మజ్జిగ, నీళ్లు ఎక్కువ తాగమన్నారు. అదీ వెంటనే కాదు. ఉప్పు కొందరికి చేటు కాబట్టి మూత్రంలో ప్రొటీన్ పోతోందా, బీపీ ఎంతుంది అని చూశాకే. స్టెరాయిడ్ బిళ్లని రాత్రి వేసుకుంటోందట. పొద్దున టిఫినయ్యాక మార్చారు. నిద్ర పట్టింది. నిద్ర పట్టాక నడిరాత్రి ఎక్టోపిక్కుల్ని వినే చెవి లేకుండా పోయింది. మంచం మీంచి లేచేముందు కాళ్లు కిందికి వేలాడేసి, పాదాలు పైకీ కిందికీ ఆడించి, అప్పుడు లేస్తోంది. ఇస్త్రీకి ఎత్తు స్టూలు చేయించుకుంది. కాఫీ మానమంటే కొన్నాళ్లు మాని చూసింది. తేడా ఏమీ కనపడలేదని మళ్లీ మొదలెట్టింది. అలా ఒక్కొక్కటీ తనమీద తనే పరీక్షించుకోవడం నాకు నచ్చింది.

ఇంకో సంగతి చెప్పింది, అది చాలామందికి తెలియదు. ఒకసారి దగ్గొస్తే మందుల షాపతను అడక్కుండానే అజిత్రోమైసిన్ స్ట్రిప్పు చింపి ఇచ్చాడు. ఆమె తన సంచిలోంచి హైడ్రాక్సీక్లోరోక్విన్ స్ట్రిప్పు తీసి కౌంటరు మీద పెట్టి "ఇది రోజూ వేసుకుంటాను, రెండూ పడతయ్యా?" అని అడిగింది. అతను నీళ్లు నమిలాడు. ఆమె అక్కణ్ణుంచే డాక్టరమ్మకి ఫోన్ చేసింది. ఈ రెండు మందులకీ ఒక్కో దెబ్బ తర్వాత గుండె విద్యుత్తు కుదురుకునే సమయాన్ని పొడిగించే గుణం ఉంది. అది హద్దు మీరితే లయే తప్పొచ్చు. 2020లో కొవిడ్ కొత్తల్లో ఈ రెంటినీ జంటగా ఇస్తుంటే గుండె వైద్యులు హెచ్చరించింది ఇందుకే. ఆ రోజుల్లోనే ఊరంతా హైడ్రాక్సీక్లోరోక్విన్ బిళ్ల మీద పడి, రోజూ అదే వేసుకు బతికే ల్యూపస్ వాళ్లకి దొరక్కుండా చేశారు. ఇది విని బిళ్ల మానేసేవాళ్లూ ఉంటారు. అది ఇంకా పెద్ద ముప్పు, ల్యూపస్‌ని అదుపులో ఉంచేదే ఆ బిళ్ల. కొత్త మందు ఏది కలిసినా అడిగి కలుపుకోవడమే ఆమె చేసింది.

పుస్తకం అట్ట లోపల డాక్టరమ్మ చేత్తో రాసిన కాగితం ఒకటి అంటించి ఉంది. స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ముఖ్యంగా వెల్లకిలా పడుకుంటే పెరిగి ముందుకి వంగితే తగ్గే నొప్పి అయినా, ఆయాసం ఆగకపోయినా, అప్పుడు చీటీలు రాస్తూ కూచోవద్దు, 108కి ఫోన్ చెయ్యాలి. కింద గీత కొట్టి మరీ రాసింది.

రెండోసారి నేను చూసిన గుండె వేరు. అదే అల్మారా, అదే లేవడం, 78 నుంచి 102. ఎక్టోపిక్స్ ఎప్పటిలాగే ఉన్నాయి. సంక్రాంతి ముందు జాకెట్ల ఒత్తిడికి నిద్ర మానుకున్న రోజుల్లో దడ మళ్లీ పెరుగుతోందని ఆమే చెప్పింది. పూర్తిగా పోదని తెలుసు. వచ్చినప్పుడు కూచుంటుంది, నాడి మీద వేలు పెట్టి లెక్కపెడుతుంది, టైము రాసి మళ్లీ పెడల్ తొక్కుతుంది. అత్తగారు వాము సంగతి వదిలేసి "అమ్మాయ్, రాసుకున్నావా?" అని అడుగుతోంది.

నన్ను తిరిగి ఇచ్చేటప్పుడు నా సంచి పట్టీ తెగిపోయి ఉండటం చూసి, అక్కడే బెంచీ మీద కూచుని దారం, సూది అడిగింది. సెంటర్లో సూది లేదు. తన జడలో చెక్కుకున్న పిన్నీసుతో తాత్కాలికంగా పెట్టి, వారం తిరక్కుండా వేరే సంచి కుట్టి పంపింది. లోపల చీటీకి ఒక జేబు, పెన్నుకి ఒక జేబు.

ప్రస్తుతం ఆ సంచిలో ఓ మిర్చి యార్డు గుమాస్తా మెడలో ఉన్నాను. పొద్దుట్నుంచీ బటన్ తెగ నొక్కుతున్నాడు. జేబులో పెన్ను మూత ఇంకా తీయలేదు.