రేవు దాటితే టికెట్టే!

కొల్లాపూర్ బస్సులో ఆధార్ కార్డు చూపిస్తే చాలు, కండక్టర్ మిషన్ కిర్రుమంటూ జీరో టికెట్ కక్కుతుంది. 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ ఆడపడుచుకు దక్కుతున్న మర్యాద అది. ఒకావిడ పొద్దున్నే వెళ్లి, కృష్ణ అవతల సంగమేశ్వరుడికి దండం పెట్టుకుని, చీకటి పడేలోగా వచ్చేయొచ్చని బయల్దేరిందనుకోండి. సోమశిల రేవులో లాంచీ ఆయన ఆధార్ వైపు కన్నెత్తయినా చూడడు. డబ్బులు చేతిలో పడ్డాకే ఇంజను తాడు లాగుతాడు. నది మధ్యలో సరిహద్దు దాటగానే ఇందాకటి మహాలక్ష్మి కాస్తా మామూలు ప్యాసింజరు! అవతల ఆత్మకూరు బస్సూ 2025 ఆగస్టు నుంచి ఉచితమే లెండి, కాకపోతే ఆంధ్రా ఆడపడుచులకే.

ఇంతా చేసి వెళ్తే స్వామి నీళ్లలో ఉంటాడు. శ్రీశైలం జలాశయం తగ్గితేగానీ పాత గుడి బయటపడదు. అయినా ఆయనే నయం. ఇక్కడ వెయ్యి కోట్ల పైచిలుకు ఖర్చుతో తీగల వంతెన కడతామని కేంద్రం చెప్పింది 2022 అక్టోబరులో. ఆ తర్వాత స్వామి ఎన్నిసార్లు మునిగి తేలాడో! వంతెన మాత్రం ఏళ్లపాటు ఫైళ్లలో మునిగిందే మునక.