చూపించుకోండి, చూసుకోకండి

కూర్చున్నచోటే గుండె ఉన్నట్టుండి ఒక మెట్టు జారినట్టవుతుంది. ఆ వెంటనే లోపలినుంచి ఎవరో పిడికిలితో గుద్దినట్టు ధన్‌మంటుంది. నాకిది మొదలై పదకొండేళ్లు. డాక్టర్లు వీపీసీలంటారు, కొందరు ఎక్టోపిక్స్ అంటారు. ఇన్నేళ్లలో నాకు పనికొచ్చిన సలహాలు ఎవరికి చెప్పినా ముందు మొహం అదోలా పెడతారు. అవన్నీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పేదానికి ఎదురుగా ఉంటాయి మరి. అయినా కొత్తగా ఈ దడ పట్టుకుని రాత్రిళ్లు ఫ్యాను వంక చూస్తూ పడుకుంటున్నవాళ్ల కోసం రాస్తున్నాను.

ముందొక షరతు. ఈ సలహాలు ఒకసారి గట్టిగా చూపించుకున్నవాళ్లకే. ఈసీజీ, ఎకో, ఇరవై నాలుగు గంటల హోల్టర్, రక్తంలో పొటాషియం, మెగ్నీషియం, థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూసి, గుండె కండరం బాగుందని డాక్టరు చెప్పి ఉండాలి. దడతోపాటు కళ్లు తిరిగి పడిపోయినా, మెట్లెక్కుతుంటే దడ ఎక్కువైనా, ఛాతీ నొప్పి వచ్చినా, ఇదివరకు గుండెపోటు వచ్చి ఉన్నా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయినా ఈ వ్యాసం పక్కన పెట్టి ఇవాళే ఆసుపత్రికి వెళ్లండి. "గ్యాసేలే" అని ఈనో తాగి పడుకోకండి. గట్టిగా దగ్గుతుంటే గుండెపోటు ఆగిపోతుందని వాట్సాప్‌లో తిరిగే మాటను నమ్ముకుని ఇంట్లో కూర్చోకండి.

ఇక మొదటి సలహా: ఆక్సీమీటరు ఇంట్లోంచి పంపించేయండి.

కరోనా రోజుల్లో ప్రతి ఇంటికీ ఒకటి వచ్చింది కదా, మా ఇంటికీ వచ్చింది. ఒక రాత్రి రెండు గంటలకు గుండె గుటుక్కు గుటుక్కుమంటుంటే దాన్ని వేలికి తగిలించుకున్నాను. నాడి 41 అని చూపించింది. వేలు మార్చాను, 41. మావారు పెట్టుకుంటే 76. మా అమ్మాయి ఏడుస్తూ ఆటో పిలిచింది. ఆసుపత్రిలో ఉన్న కుర్ర డాక్టరు స్టెతస్కోపు నా ఛాతీమీద పెట్టి, రెండో చేత్తో మణికట్టు పట్టుకుని, గోడ గడియారం చూస్తూ ఒక నిమిషం లెక్కపెట్టాడు. తర్వాత స్టెతస్కోపు నా చెవులకే తగిలించి, "ఇప్పుడు మీరు వినండమ్మా, మీ నాడి కూడా మీరే పట్టుకోండి" అన్నాడు. ఛాతీలో 82 వినబడుతుంటే చేతికి 41 తగులుతోంది! ఒక మామూలు స్పందన, దాని వెనకే ఒక తొందరపడ్డ స్పందన, మళ్లీ మామూలుది. తొందరపడినదానికి గుండె గది నిండేంత వ్యవధి ఉండదు. అందుకని అది తోసే రక్తం వేలిదాకా గట్టిగా రాదు. వేలికి తగిలినదాన్నే యంత్రం లెక్కపెట్టింది. అంటే గుండె ఆగిపోవడం లేదు, తప్పిపోయిందనుకున్నది నిజానికి ముందుగా వచ్చేసింది. ఆ తర్వాత కాస్త ఎక్కువసేపు విరామం దొరికి, గది బాగా నిండి, వచ్చే స్పందన బలంగా కొడుతుంది. మనల్ని హడలగొట్టే ఆ ధన్‌మనే గుద్దు ఆరోగ్యమైన స్పందనే.

ఈ మాట నాకు మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే రెండేళ్ల నిద్ర మిగిలేది. మన భాషలో గుండె జారిందన్నా, ఝల్లుమన్నా, గుభేలుమన్నా భయమనే అర్థం. చిన్నప్పటినుంచీ ఆ మాటలు విన్న మనకు గుండె నిజంగానే జారితే భయం అడక్కుండానే వస్తుంది. భయానికి అడ్రినలిన్ తోడైతే ఎక్టోపిక్స్ ఇంకా పెరుగుతాయి.

అందుకే మణికట్టు కూడా పట్టుకోకండి. నాకు హోల్టర్ పెట్టినప్పుడు దడ వచ్చినప్పుడల్లా మీట నొక్కి, టైము పుస్తకంలో రాయమన్నారు. "4.10, కూరగాయల బండి దగ్గర." "7.35, కుక్కరు దించుతుంటే." అలా పందొమ్మిది సార్లు రాశాను. మొత్తం లక్షా నాలుగు వేల స్పందనల్లో తొమ్మిది వేలకు పైగా ఎక్టోపిక్స్ ఉన్నాయి, నూటికి తొమ్మిది. నేను నొక్కిన పందొమ్మిది సార్లలో ఏడుసార్లు ఈసీజీ గీత శుభ్రంగా ఉంది. తెల్లవారుజామున నేను ఒళ్లెరగక నిద్రపోతున్న గంటలో మాత్రం ఆరు వందలకు పైగా వచ్చాయి. వేలు మణికట్టు మీద ఉన్నంతసేపూ మనసు కూడా అక్కడే ఉంటుంది. లెక్క పెట్టాల్సిన పని యంత్రానిది. డాక్టరు చెప్పిన గడువుకి మళ్లీ హోల్టర్, ఎకో చేయించుకుంటే చాలు. మధ్యలో మనకు ఆ ఉద్యోగం వద్దు.

దడ రాగానే "పడుకో, పడుకో" అంటారు. పడుకోకండి, లేవండి. పడుకుంటే గుండె నెమ్మదిస్తుంది, ఎక్టోపిక్స్ దూరడానికి మధ్యలో సందు దొరుకుతుంది. ఎడమవైపు తిరిగితే గుండె ఛాతీ గోడకు దగ్గరై ప్రతి గుద్దూ దిండులో వినబడుతుంది. చాలామందికి నాలుగు అడుగులు వేసేసరికి గుండె వేగం పెరిగి ఇవి సద్దుమణుగుతాయి. ట్రెడ్‌మిల్ పరీక్షలో నాకూ అదే తేలింది, కాబట్టే ధైర్యంగా గోదావరి గట్టు మీద రోజూ నలభై నిమిషాలు నడుస్తున్నాను. నడిచినకొద్దీ పెరిగేవాళ్లు మాత్రం ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి.

కాఫీ మానేయమని అందరూ చెబుతారు. ఎవరో చెప్పారని మానకండి, మీరే పరీక్షించుకోండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో వంద మంది ఆరోగ్యవంతులకు రెండు వారాలపాటు ఈసీజీ యంత్రాలు తగిలించి, ఏ రోజు కాఫీ తాగాలో ఏ రోజు మానాలో ఫోనుకి సందేశం పంపి చూశారు. 2023లో ఫలితాలు వచ్చాయి. పై గదులనుంచి వచ్చే అదనపు స్పందనల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. కింది గదులవి, అంటే వీపీసీలు, మాత్రం మానిన రోజున 102 ఉంటే తాగిన రోజున 154 ఉన్నాయి. తాగిన రోజున వెయ్యి అడుగులు ఎక్కువ నడిచారు, అరగంట పైన నిద్ర తగ్గింది. నేను రెండు వారాలు తాగి, రెండు వారాలు మాని చూశాను. పొద్దుటి ఫిల్టరు కాఫీ వల్ల నాకేమీ కాలేదు. సాయంత్రం ఆరింటి కాఫీ నిద్ర చెడగొట్టింది, నిద్ర చెడిన మర్నాడల్లా దడే. సాయంత్రం కప్పు వదిలేశాను. ఇంకొకరికి లెక్క వేరుగా ఉండొచ్చు.

కాఫీని అంతగా అనుమానించేవాళ్లు దగ్గుకు బుగ్గన పెట్టుకునే అతిమధురాన్ని ఎన్నడూ అనుమానించరు. రోజుల తరబడి చప్పరిస్తే అది పొటాషియాన్ని పడేస్తుంది. బీపీకి వాడే నీటి మాత్రల్లోనూ కొన్ని అదే పని చేస్తాయి. జలుబు మాత్రల్లో ముక్కు దిబ్బడ తగ్గించే మందులు గుండెను పరుగెత్తిస్తాయి. ఇంట్లో కాచే కషాయమైనా, మందుల షాపులో అడిగి కొనుక్కున్నదైనా డాక్టరు ముందు పెట్టండి. పొటాషియం తగ్గిందేమోనని మీకు మీరే బిళ్లలు కొనుక్కోకండి, మూత్రపిండాలు బాగాలేనివాళ్లకు అది ఎక్కువైనా ప్రాణాపాయమే.

నేను అన్నిటికన్నా పట్టుబట్టి చెప్పే సలహా ఇది: ఒక్కటి కూడా మిగలకుండా తుడిచేసే మాత్ర రాయమని డాక్టరును అడగకండి. నేను అడిగాను, బతిమాలాను. ఆయన ఓపిగ్గా ఒక పాత కథ చెప్పారు. గుండెపోటు వచ్చి తేరుకున్నవాళ్లలో ఎక్టోపిక్స్ ఉంటే ముప్పు ఎక్కువని తెలిసి, వాటిని అణిచేస్తే ప్రాణం నిలుస్తుందని ఒకప్పుడు వైద్యులంతా నమ్మారు. అమెరికాలో కాస్ట్ అనే పరీక్ష పెట్టి ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ ఇచ్చారు. ఎక్టోపిక్స్ చక్కగా అణిగాయి. కానీ మందు తీసుకున్న 755 మందిలో 63 మంది చనిపోయారు. ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 743 మందిలో పోయింది 26 మంది. 1989లో ఆ మందుల్ని మధ్యలోనే ఆపేశారు. నిర్మాణం బాగున్న గుండెలకు ఫ్లెకైనైడ్‌ని జాగ్రత్తగా ఇప్పటికీ వాడతారనుకోండి. నాకు తక్కువ మోతాదు మెటోప్రొలాల్ ఇచ్చి, "దీంతో పూర్తిగా పోవు, గుద్దు మెత్తబడుతుంది" అన్నారు. నిజంగానే మెత్తబడింది. ఎక్టోపిక్స్ నూటికి పది దాటి అలాగే ఉండిపోతుంటే గుండె కండరం బలహీనపడుతోందేమోనని ఎకోతో కనిపెట్టి ఉంటారు. బలహీనపడితే, లేదా బాధ భరించలేనంత అయితే, అదనపు స్పందన పుట్టే చోటును తీగతో కాల్చే అబ్లేషన్ ఉంది. చూపించుకోవడం అందుకు. రోజూ వేలికి యంత్రం తగిలించి చూసుకోవడం వల్ల వీటిలో ఏదీ తెలియదు.

చివరిది ఇంట్లోవాళ్లకు. "ఏం కాదులే, ఊరికే ఆలోచిస్తున్నావు" అనకండి. ఈసీజీలో గీతలుగా కనబడేదాన్ని ఆలోచన అనేస్తే, ఈ మనిషికి ఇక చెప్పి లాభం లేదనుకుంటాం. చెప్పడం మానేసి లోపల లోపల లెక్కపెట్టుకుంటాం. నేను ఆరు నెలలు మావారికి ఒక్క ముక్క చెప్పలేదు. ఆ ఆరు నెలలే నాకు అన్నిటికన్నా చెడ్డవి. ఇప్పుడు ఆయన ధైర్యం చెప్పరు, ఎన్ని వచ్చాయని అడగరు. అర్ధరాత్రి నేను లేచి కూర్చున్న అలికిడికి లేచి చెప్పులు వెతుక్కుంటారు. "పద, గేటుదాకా పోయొద్దాం" అంటారు. మా గేటుకు ఇరవై రెండు అడుగులు. మూడోసారి తిరిగొచ్చేసరికి పాల వ్యాను చప్పుడు వినబడుతుంది.