రైలు కోడు శాస్త్రం: నెక్కొండ ప్రకరణం

స్క్రాబుల్ ఆడేవాళ్లు క్యూ ఉండి యూ లేని ఇంగ్లీషు మాటల కోసం నిఘంటువులు తిరగేస్తారు. వింత మాటలు కావాలంటే నెక్కొండ వాళ్లకు ఆ శ్రమ లేదు, రైలు టికెట్టు చూసుకుంటే చాలు. కాజీపేట నుంచి ఖమ్మం దిక్కు పోతుంటే కెజెడ్‌జె, ఎన్‌కెడి, కెడిఎం, డికెజె, కెఎంటి అనే స్టేషను కోడ్లు తగులుతాయి. కాజీపేట, నెక్కొండ, కేసముద్రం, డోర్నకల్, ఖమ్మం అన్నమాట. అయిదూ మూడక్షరాల మాటలే, అయిదింట్లోనూ కె ఉంది, ఏ ఒక్కటీ నిఘంటువులో లేదు. అదే దారిలో మహబూబాబాద్ ఎంఏబిడి అని నాలుగక్షరాలతో, కె లేకుండా విడిగా నిలబడింది. జిల్లా కేంద్రం కదా, దాని హోదా దానిది.

ఈ మాటలు ఎట్లా పుట్టాయన్నదే కోడు శాస్త్రం. దీనికి రైల్వే రాసిపెట్టిన సూత్రాలేవీ నా కంటపడలేదు గనక మన వ్యాకరణాన్నే అరువు తెచ్చుకోవాలి. మొదటి కార్యం లోపం. నెక్కొండలో రెండు కకారాలుంటే రైల్వే తన ఇంగ్లీషు రాతలో ముందే ఒకటి ఎత్తేసింది. ఆ తరువాత అచ్చులన్నీ పోయాయి, సున్నా పోయింది. మిగిలింది ఎన్, కె, డి. ఇంత చెక్కినా పేరు పోల్చుకోగలుగుతున్నామంటే అది ఊరి గట్టితనమే. ఆలేరుకు మాత్రం ఏ లోపమూ అంటలేదు. ఏఎల్ఈఆర్ అని పేరే కోడుగా కూర్చుంది.

రెండోది ఆగమం. ఆగమం మిత్రుడిలా వచ్చి పక్కన కూర్చుంటుందనీ, ఆదేశం శత్రువులా వచ్చి ఉన్నవాణ్ని వెళ్లగొడుతుందనీ పాత పండితులు చెబుతారు. కాజీపేట, డోర్నకల్ చివర కూర్చున్న జె జంక్షన్ తెచ్చిన మిత్రుడు. మూడోది ఆదేశం, ఆ శత్రువు సంగతి జనగామను అడగాలి. దాని కోడు జెడ్ఎన్. పేరులో లేని జెడ్ వచ్చి జె కుర్చీలో కూర్చుంది. కాజీపేటకూ నిజామాబాదుకూ జెడ్ ఉందంటే స్పెల్లింగులోనే ఉంది. బెజవాడ పేరు విజయవాడగా మారినా బిజెడ్ఏ మారలేదు, పాత పేరులోని జెడ్ పట్టా చేయించుకున్నట్టు అక్కడే ఉంది. కానీ రేణిగుంట అవతల వెంకటనరసింహరాజువారిపేట ఏం పాపం చేసింది? ఇంగ్లీషులో ఇరవై ఎనిమిది అక్షరాల పేరును వికెజెడ్ అని మూడింటికి కుదించి, ఆ మూడింట్లో ఒకటి పేరులో ఎక్కడా లేని అక్షరం పెట్టారు. దేశంలో ఒకే కోడు రెండు స్టేషన్లకు ఉండకూడదు గనక, దిక్కు తోచనప్పుడు జెడ్‌ను దత్తత తెచ్చుకుంటారని నా సిద్ధాంతం.

వ్యాకరణం అయ్యాక అలంకారాలు. మొదటిది శ్లేష. వరంగల్ కోడు డబ్ల్యూఎల్. వెయిటింగ్ లిస్టుకూ అదే గుర్తు. టికెట్టు పట్టుకుని ఒక తాత మనవణ్ని అడుగుతాడు:

"ఇందుల డబ్ల్యూఎల్ అని రెండుసార్లు ఉన్నది, ఏందిరా బిడ్డా?"

"మొదటిది నువ్వు ఎక్కే ఊరు తాతా. రెండోది నీకు సీటు లేదని."

ఇంత క్లుప్తమైన శ్లేష ప్రబంధాల్లోనూ అరుదు. భువనగిరి బిజి కూడా ఈ కోవలోదే, అది స్టేషనూ అవుతుంది, బ్రాడ్ గేజీ అవుతుంది.

అలంకారాల్లో నెక్కొండ సొంత సొత్తు ముక్తపదగ్రస్తం. ఒక పాదం ఏ మాటతో ముగుస్తుందో తరువాతి పాదం దానితోనే మొదలు కావాలి. నెక్కొండ "కెడి" దగ్గర ముగిస్తే కేసముద్రం "కెడి" అని అందుకుంటుంది. మధ్యలో ఇంటికన్నె స్టేషను ఉంది కదా అని ఆక్షేపిస్తారు. నిజమే, అక్కడ ఆగే ప్యాసింజరు బండికి ఈ అలంకారం చెల్లదు. అక్కడ ఆగని గోల్కొండ, కృష్ణా ఎక్స్‌ప్రెస్‌లకు చెల్లుతుంది.

అసలు సంపద ఇంకా లోపల ఉంది. నిజాం రైలు ఈ దారిన 1889 నాటికి బెజవాడ చేరింది. ఆ రోజుల్లో స్టేషన్ల మధ్య మాటలన్నీ తంతి మీదనే, మోర్సు చుక్కలూ గీతలుగా నడిచేవి. మన దేశంలో ప్రజల టెలిగ్రామ్ 2013 జులైలో ఆగిపోయింది గానీ కోడ్ల పొట్టితనంలో ఆ కాలం పొదుపు ఇంకా కనిపిస్తుంది. రైల్వే రాసే నెక్కొండ పేరు మొత్తం మోర్సులో కొట్టాలంటే పదహారు దెబ్బలు. ఎన్‌కెడికి ఎనిమిదే, సరిగ్గా సగం. ఆ ఎనిమిదిలో నాలుగు గీతలు, నాలుగు చుక్కలు. పంపకంలో కూడా పక్షపాతం లేదు.

ఇప్పుడు గీతను గురువు అనుకోండి, చుక్కను లఘువు అనుకోండి. మోర్సులో గీత చుక్కకు మూడింతలు, మన గురువు లఘువుకు రెండింతలే. ఆ అదనపు మాత్రను రైల్వే ఖర్చు కింద రాసేద్దాం. ఎన్ అంటే గీత, చుక్క: హగణం. కె అంటే గీత, చుక్క, గీత: రగణం. డి అంటే గీత, చుక్క, చుక్క: భగణం. హగణం సూర్యగణం, ర, భ రెండూ ఇంద్రగణాలు. ఒక సూర్యగణం, ఆ వెనక రెండు ఇంద్రగణాలు అంటే బడిలో ఛందస్సు బట్టీ పట్టిన ఎవరికైనా తేటగీతి గుర్తుకు రావాలి. కేసముద్రానికి ఈ యోగం లేదు, మొదలే ఇంద్రగణం, చివర ఎం రెండు గీతలతో గగమై కూర్చుంది.

తేటగీతి పాదానికి ఇంకా రెండు సూర్యగణాలు కావాలి. సూర్యగణాలున్నవే రెండు, హగణమూ నగణమూ. మోర్సులో హగణం ఎన్, మూడు చుక్కల నగణం ఎస్. కాబట్టి ఎన్, ఎస్ తప్ప మరో అక్షరం లేని రెండక్షరాల స్టేషను వెతకాలి. పశ్చిమ గోదావరిలో నరసాపురం కోడు ఎన్ఎస్! ఎన్‌కెడి, ఎన్ఎస్. హ, ర, భ, హ, న. పాదం పూర్తయింది. నాలుగో గణం మొదటి అక్షరంతో యతి కుదరాలి కదా, అక్కడా నకారానికి నకారమే పడింది. నన్నయకైనా తప్పు పట్టడానికి సందు లేదు.

మిగతా మూడు పాదాలకు స్టేషన్లు వెతికే పని ఎవరైనా తీసుకోవచ్చు. నెక్కొండలో ఎక్కి నరసాపురంలో దిగేవాడు బెజవాడలో బండి మారితే దాన్ని యతిభంగం అనాలా, కనెక్షన్ తప్పిపోవడం అనాలా అన్నది మాత్రం లాక్షణికులూ టైంటేబుల్ వేసేవాళ్లూ కలిసి కూర్చుని తేల్చుకోవలసిన విషయం.