పచ్చబొట్ల పండితుడు

లోకములో చీట్లపేకకు మరగినవాడు ఏ అర్ధరాత్రికో ఇల్లు చేరును, నాటకముల పిచ్చిగలవాడు తెర దించగానే ముఖమునకు పూసికొన్న రంగు కడిగికొనును, నశ్యము పీల్చువాడు సైతము తుమ్మిన పిదప ఒక గడియసేపు మామూలు మనుష్యుడై మసలును. కాని పచ్చబొట్ల మోజు పట్టినవానికి మాత్రము తలంటు పోసికొన్నను విముక్తి లేదు, ఏలయన వాడు తన మోజును ఒంటిమీదనే పొడిపించుకొని తిరుగుచుండును. ఇట్టివాడొకడు, మా ఎదురింటి అవ్వగారి మనుమడు, హైదరాబాదులో ఏదో కంప్యూటరు కొలువు చేయుచు, సంక్రాంతికిని వేసవికిని తెనాలి దాపున ఉన్న మా పల్లెకు వచ్చుచుండును. నేను వానికి చిన్ననాడు ఎక్కములు చెప్పినవాడను గనుక నన్ను నేటికిని ‘మాస్టారూ’ అని పిలుచును. వాని ముంజేతిమీద తొలి పచ్చబొట్టు చూచిననాడు, ఒకప్పుడు ఆ చేతిమీదనే నా బెత్తము దించిన గీతలు ఇంతకాలము నిలువలేదు గదా యని నాకు కొంత చిన్నతనము కూడ తోచినది.

వాని పంచాంగములో ఋతువులు రెండే: పచ్చబొట్టు మానుచున్న ఋతువు, మానిన ఋతువు. మొదటిదానిలో ఎండకు పోడు, చెరువులో దిగడు, దురద పుట్టినచోట గోకక, బిడ్డను జోకొట్టు తల్లివలె అరచేతితో మెల్లమెల్లగా తట్టుకొనుచు కూర్చుండును. రెండవదానిలో, ధనుర్మాసపు తెల్లవారుజామున ఊరంతయు దుప్పట్లలో ముడుచుకొనియుండ, వాడు చేతులులేని బనియనుతో అరుగుమీద నిలిచి, అడుగనివారికి కూడ దారి చూపుచుండును. దారి చూపుటకు చేయి చాపవలెను గదా, చాపిన కనబడును గదా! ఇక తన దేహమును గురించి వాడు మాటలాడిన, రిజిస్ట్రారు కచేరీ ముంగిట దస్తావేజు లేఖరి మాటలాడినట్లుండును. కుడిభుజమంతయు కట్టడమైపోయినదట, ఎడమ మోచేతికి ఎగువన ఇంకను రెండు సెంట్ల జాగా మిగిలియున్నదట, వీపు ఒకే బిట్టుగా ఉన్నది గనుక దానిని ముక్కలుచేసి పాడుచేసికొనరాదట, ఎప్పటికైన ఒక మహానిర్మాణమునకు అట్టిపెట్టవలెనట. సరిహద్దు తగాదాలు లేని ఆస్తి వానికి అదియొక్కటే.

వానిని వట్టి సోకుగాడని తలచితిరేని పొరబడినట్లే. వాడు ఆ విద్యయొక్క చరిత్రను ఆమూలాగ్రము చదివినవాడు. అంతకంటె ప్రమాదకరముగా, చదివినది మరువనివాడు. 1991లో ఆల్ప్సు పర్వతముల మంచులో బయటపడిన ఓట్జీ యను ఐదువేల మూడువందల యేండ్లనాటి మానవుని కళేబరమును గురించి వాడు గద్గదస్వరముతో చెప్పుచుండ, ఎవరో వీని మేనమామ కాలముచేసినాడు కాబోలునని మా ఇంటియామె పరామర్శకు లేవబోయినది. ఆ మేనమామ మేన 61 పచ్చబొట్లట; పూవులు కావు, పేర్లు కావు, వట్టి గీతలును అడ్డగుర్తులునట; నడుమునను, మోకాలిదగ్గరను, చీలమండలయందును, అనగా ముసలితనమున మనకందరకు సలుపు పుట్టుచోట్ల ఉండుటచేత అవి వైద్యమునకై పొడిచినవేమోయని పండితుల ఊహయట. ‘అయితే నీక్కూడా మోకాళ్ల నొప్పులా నాయనా?’ అని మా ఆమె అడిగినది. వాడు బదులు పలుకక తాహితీ ద్వీపమునకు పోయెను. 1769లో కెప్టెన్ కుక్ ఓడ అచట ఆగుట, ఆ ద్వీపవాసుల ‘తతౌ’ అను మాట నావికుల నోటబడి టాటూగా ఇంగ్లండు చేరుట, సమోవాలో నేటికిని దువ్వెనవంటి పనిముట్టును కఱ్ఱతో తట్టుచు నడుమునుండి మోకాళ్లవరకు పొడుచుట, ఇవన్నియు విన్నపిదప మాకు కాఫీ ఇచ్చు వేళ దాటినది.

ఆ ప్రసంగములో నాకు నచ్చిన ఘట్టము జపానుది. 1872లో అచటి ప్రభుత్వము, పాశ్చాత్యులు మనలను అనాగరికులనుకొందురేమోయను బెంగతో, తన ప్రజలకు పచ్చబొట్టును నిషేధించినది. ఆ నిషేధము 1948 వరకు తొలగలేదు. ఇంతలో ఆ పాశ్చాత్యులే ఓడలు దిగి, జపాను పనివాని ముందర చొక్కాచేతులు మడచుకొని కూర్చుండసాగిరి. 1881లో అట్లు కూర్చున్నవారిలో ఇంగ్లండు రాజకుమారుడొకడుండెను. చేతిమీద డ్రాగన్ పొడిపించుకొని పోయెను. ఆయనయే తరువాతి అయిదవ జార్జి. 1911లో ఢిల్లీ దర్బారునందు ఆయన యెదుట వంగి వంగి సలాములు చేసిన మన సంస్థానాధీశులు ఆ రాజోచితమైన అంగరఖా క్రింద ఒక ఘటసర్పము పడుకొనియున్నదని ఎఱుగుదురో లేదో! విద్యుద్యంత్రము కథయు ఇట్టిదే. కచేరీలలో నకళ్లు తీయుటకై కాగితమును సూదితో తూట్లుపొడుచు కలము నొకదానిని ఎడిసన్ కనిపెట్టగా, న్యూయార్కులో శామ్యూల్ ఓరైలీ అనువాడు అదే యుక్తితో కాగితమునకు బదులు మనుష్యుని పొడువవచ్చునని గ్రహించి 1891లో పేటెంటు పుచ్చుకొనెను. గుమాస్తా కలమునకు ఇంతకంటె ఉన్నతి ఎన్నడును కలుగలేదు.

అసలు సిరా చర్మములో ఎట్లు నిలుచును? సూది పై పొరను దాటి లోపలి పొరలో రంగును విడుచును. దేహమును కాపాడు కణములు దానిని శత్రువనుకొని మ్రింగును. మ్రింగి అరిగించుకొనజాలక అక్కడనే చతికిలబడును. అవి చచ్చిన, వాని స్థానమున వచ్చినవి ఆ రంగునే మరల మ్రింగును. ఎలుకలమీద పరీక్షించి ఫ్రెంచి శాస్త్రజ్ఞులు 2018లో ఈ సంగతి వెల్లడించినారట. ఒక గుమాస్తా రిటైరు కాగా అతని బల్లమీది ఫైలు పరిష్కారము లేకయే మరియొక గుమాస్తా బల్లమీదికి చేరుటను ముప్పదియేండ్లు కన్నులార చూచిన నాకు ఇందులో వింతయేమియు తోచలేదు.

మన తెలుగులో పూర్వులు పచ్చబొట్టు ‘పొడిపించుకొనిరి’. నేటివారు టాటూ ‘వేయించుకొనుచున్నారు’. సూది అదే, నెత్తురు అదే. క్రియ మాత్రము మెత్తబడినది, వెల గట్టిపడినది.

వాని కుడిభుజమున ఒక నెమలి కలదు. ఆ పక్షికి ఆకారమునకు మించిన పురి ఉండుట చూచి, ఇంత దట్టముగా ఏల వేసినారని నేను అమాయకముగ నడిగితిని. వాడు మొట్టమొదటిసారి చరిత్ర చెప్పక ఊరకుండెను. పిమ్మట తెలిసినదేమనగా, ఆ పురి క్రింద మూడక్షరముల ఆడపేరొకటి ఉన్నది. ఆ పేరుగల అమ్మాయి వేరొకరిని పెండ్లాడి మెల్బోర్నులో కాపురమున్నది. ఇట్టి కప్పిపుచ్చుటను ఆ వృత్తిలో ‘కవరప్’ అందురట. ఇన్నాళ్లుగా ఎన్ని నెమళ్లను చూచి ముచ్చటపడితినో! ఇప్పుడు ఏ కుఱ్ఱవాని భుజముమీద దట్టమైన పక్షి కనబడినను, దాని క్రింద ఎవరున్నారో యని జాలి కలుగుచున్నది.

మొన్నటి సంక్రాంతికి వాని పరిశోధన స్వగృహమునకు తిరిగినది. అవ్వగారి ఎడమ ముంజేతిమీద పచ్చని తేలొకటి యున్నది. చిన్ననాటినుండి చూచుచున్నదే యైనను, దానికి తోక లేదని వాడు అప్పుడే కనిపెట్టెను. ఇక చూచుకొనుడు! ఆమె చేతిని కిటికీ వెలుతురులో పట్టించి, అన్ని వైపులనుండి ఫోటోలు తీసి, మూడు దినములలో ఒక సిద్ధాంతమును నిర్మించెను. తోక విషమునకు స్థానము. తోకలేని తేలు విషమును త్యజించిన తేలు. కావున ఇది ఎరుకల స్త్రీలు తరతరములుగా కాపాడిన శాంతిచిహ్నము. దీపపు మసి ఆకుపసరుతో కలిసి చర్మము చాటున నీలిపచ్చగా తోచుటను వర్ణించుచు నలుబది పుటలు వ్రాసి నాకు చదివి వినిపించుచుండగా, వత్తులు చేసికొనుచున్న అవ్వగారు తల యెత్తినది.

“ఓరి నీ ఇల్లు బంగారం కానూ! శాంతీ లేదు, కాంతీ లేదురా. ఎనిమిదేళ్ల పిల్లని. ఆ ఎరుకలామె పాట పాడుతూ చెయ్యి గట్టిగా పట్టుకుని పొడుస్తోంది. ప్రాణం పోయినంత పనైంది. విదిలించుకుని గడ్డివాము వెనక్కి పారిపోయాను. మళ్లీ దొరికితేగా తోక పొడవడానికి! ‘తోక లేదు గనక తవ్వెడు బియ్యం ఇవ్వను, సోలెడే ఇస్తా’నని మా అమ్మ దానితో పొద్దుగూకేదాకా పోట్లాడింది.”

వాడు కాగితములు మడచెను. మరియొకడైన సిగ్గుపడి విషయమును మార్చియుండును. వీడు రెండు నిమిషములు ఆలోచించి, ‘మాస్టారూ, ఇది ఇంకా గొప్పగా ఉంది’ అనెను.

తరువాతి నెలలో కంటి పరీక్షకై హైదరాబాదు పోయిన నన్ను వాడు తన పచ్చబొట్ల దుకాణమునకు వెంటబెట్టుకొనిపోయెను. లోపల మందుల వాసన, సాంబ్రాణి వాసన కలగలిసియున్నవి. పనివాడు నల్లని తొడుగులు తొడిగికొని, సూది పొట్లమును మా కన్నులయెదుటనే చించి, వెండ్రుకలు గొరిగిన చేతిమీద ఊదారంగు కాగితమును అద్ది తీసెను; తేలు అచ్చు దిగినది. ఉంగరపు వ్రేలు పట్టునంత గిన్నెలో నల్ల సిరా. యంత్రము కందిరీగవలె రొదచేసినది. గీత గీయుట, పొంగిన సిరాను నెత్తురును తుడుచుట, మరల గీయుట. మావాడు పండ్లు బిగబట్టి, సమోవావారి ఓర్పును గురించి నాకు చెప్పబోయి, సగములో మానుకొనెను.

పనివాడు మంచివాడు. ముగించినపిదప తల వంచి చూచి, “తోక మర్చిపోయినట్టున్నారు సార్, రెండు నిమిషాల పని, ఫ్రీగా వేసేస్తా” అనెను. మావాడు చేయి వెనుకకు లాగికొనెను. నాయనమ్మ పారిపోయినచోటనే ఈ తేలు ఆగవలెనట. ఒక్క కణుపు అధికమైనను చరిత్రకు ద్రోహమట. పనివాడు నా వైపు చూచెను. నేను గోడమీది గడియారము వైపు చూచితిని.

ఆ పచ్చబొట్టు ఇప్పుడు చక్కగా మానినది. అవ్వగారు చూచి, ‘ఇంత డబ్బు పోసి నా పిరికితనాన్ని పొడిపించుకున్నాడు’ అని వీథివీథి చెప్పుకొని మురిసిపోవుచున్నది. వాని కొలువులోనివారు మాత్రము అదేమి పీతయని అడుగుచున్నారట; ఒకామె, మీది కర్కాటకరాశియా అనికూడ అడిగినదట. వానిది వృషభము. కావున చదువరులకు నా విన్నపము: హైదరాబాదులో ఏ బస్సులోనైన, ఏ పెండ్లిపందిటిలోనైన, చేతులులేని చొక్కాతో మీకు దారి చూపుచున్న యువకుడొకడు కనబడినయెడల, దయయుంచి దానిని తేలు అనుడు.